చార్లీ చెప్పని స్పేడ్స్

"మీ చేతిలో ఐదు స్పేడ్స్ ఉన్నాయి. అందులో ఏస్, కింగ్, జాక్. మరి డబుల్ ఎందుకన్నారండీ?"

రమ్యశ్రీ కోప్పడి ఉంటే చార్లీ ఏదో ఒకటి చెప్పేవాడు. ఆమె నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అతను తన ముక్కల్ని బల్ల మీద మళ్లీ పరిచాడు.

బయట వాన టౌన్‌షిప్ క్లబ్బు రేకుల మీద దబదబా కురుస్తోంది. చార్లీ పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. బ్రిడ్జి పేకాట నేర్చుకుని ఆరు నెలలే అయింది. రమ్యశ్రీ కంది క్యాంపస్ లైబ్రరీలో పనిచేస్తుంది. వాళ్ల నాన్న నరసరాజు ఉద్యోగం కోసం భీమవరం నుంచి వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. క్లబ్బులో అందరికీ ఆట నేర్పేది ఆయనే. ఆ శనివారం చీట్లు తీస్తే చార్లీ, రమ్యశ్రీ జోడీ అయ్యారు.

చార్లీకి కుడివైపు కూర్చున్న సూర్యారావు "వన్ డైమండ్" అని వేలంపాట మొదలుపెట్టాడు. చార్లీ "వన్ స్పేడ్" అంటే సరిపోయేది. అతను "డబుల్" అన్నాడు. అంటే, డైమండ్స్ కాక మిగతా వాటిలో నీకేది కావాలో చెప్పు, ఏదైనా నేను ఆదుకుంటాను అని జోడీకి మాటివ్వడం. ఆ మాట నమ్మి ఆమె "వన్ హార్ట్" అంది. తీరా చూస్తే అతని దగ్గర ఉన్న హార్ట్స్ రెండే. ఆట చిత్తుగా పోయింది.

"మీకేది ఇష్టమో మీరే చెప్తరని డబుల్ అన్న" అన్నాడు చార్లీ చివరికి. "నా పత్తాలు గంత మంచిగ లేవనుకున్న."

"ఏస్, కింగ్ పెట్టుకుని కూడా అలా అనుకుంటే ఎలాగండీ? నా దగ్గరా మూడు స్పేడ్స్ ఉన్నాయి. మీరు చెప్తే కదా నాకు తెలిసేది."

పక్క బల్ల నుంచి నరసరాజు నవ్వారు. "ఏమయ్యా చార్లీ, ఏది అడిగినా ఇవ్వగలిగినప్పుడు డబుల్ అను. నీకంటూ ఒకటి ఉన్నప్పుడు అదే చెప్పు. పెద్ద ముక్కలకు వేసే పాయింట్లు పదిహేడు దాటితే సంగతి వేరు, అది వచ్చే నెల చెప్తాను."

ఆ తర్వాత ప్రతి శనివారం వాళ్లిద్దరే జోడీ. ఆట అయ్యాక ముంబై హైవే పక్కన చాయ్. రమ్యశ్రీ ముక్కలు సర్దుకుంటూ కింది పెదవి కొరుక్కుంటుంటే, చార్లీ తన ముక్కలు చూసుకోవడం మరిచిపోయేవాడు. ఆమె తలెత్తగానే ఫ్యాను వైపు చూసేవాడు.

"ఫ్యాను రిపేరుకొచ్చిందా ఇంజనీరు గారూ?"

"లేదు, మంచిగనే తిరుగుతుంది."

చాయ్ దగ్గర మాత్రం ఒకటే మాట. సమోసా తిందామా, బిస్కెట్లా అంటే "మీ ఇష్టం". కూర్చుందామా, నడుద్దామా అంటే "మీ ఇష్టం". మొదట్లో ఆమె నవ్వేది. తండ్రి లేని ఇంట్లో, ఇద్దరు చెల్లెళ్ల తర్వాత మిగిలింది తీసుకుంటూ పెరిగినవాడని ఆమెకు అప్పటికి తెలియదు.

సెప్టెంబరులో ఆమెకు పూనాలో పెద్ద లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. రెండేళ్ల కాంట్రాక్టు. కంది బస్టాపులో ఆ సంగతి చెప్పి అడిగింది. "వెళ్లమంటారా?"

వద్దనాలనిపించింది చార్లీకి. పైకి మాత్రం, "మంచి చాన్స్ గదా. మీ ఇష్టం" అన్నాడు.

"అంతేనా?"

"అంతే మరి."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. సంగారెడ్డి నుంచి వచ్చిన బస్సెక్కి, వెనక్కి తిరక్కుండా వెళ్లిపోయింది. తర్వాతి శనివారం క్లబ్బుకు రాలేదు.

ఆ రోజు చార్లీకి నరసరాజే జోడీగా కూర్చున్నారు. ముక్కలు పంచుతూ, ఎటో చూస్తూ అన్నారు. "అమ్మాయి పూనాకి సరేనని రాసేసింది. ఇంట్లో మాట్లాడటమే లేదు. ఏమైందే అంటే, నా ఇష్టం నాకు తెలుసు నాన్నా, అవతలివాళ్లదే తెలియట్లేదు అంటోంది."

చార్లీ ముక్కలు తీశాడు. అవతలి జోడీవాళ్లు "వన్ క్లబ్" అన్నారు. అతనికి ఐదు హార్ట్స్ వచ్చాయి. డబుల్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వన్ హార్ట్" అన్నాడు. ఆ ఆట గెలిచారు. గెలిచిన వెంటనే లేచాడు. "అంకుల్, రమ్యతోని మాట్లాడాలె. ఇంట్లో ఉందా?"

నరసరాజు అతన్ని ఎగాదిగా చూశారు. "ఉంది. గొడుగు పట్టుకెళ్లు."

రమ్యశ్రీ తలుపు తీసింది. గొడుగున్నా అతను సగం తడిసే ఉన్నాడు.

"నాకు నువ్వంటే ఇష్టం" అన్నాడు గుమ్మంలోనే. "పూనా పోవద్దని చెప్తలేను. నువ్వు పోతే నేనే వచ్చి కలుస్త. నీకు నేను వద్దనిపిస్తే వద్దని చెప్పు. కానీ నా మనసులో ఏముందో నీకు తెల్వకుండ ఉండొద్దు. అన్నీ నీ మీదేసి తప్పుకున్న, అది తప్పు."

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. "నాలుగు రోజుల ముందు చెప్తే నేనింత ఏడ్చేదాన్ని కాదు."

"ఏడ్చినవా?"

"నేను పూనా వెళ్తాను చార్లీ. నాకా పని ఇష్టం. నువ్వన్నా ఇష్టమే. లోపలికి రా, జలుబు చేస్తుంది."

ఆదివారం చర్చి అయ్యాక చార్లీ తల్లి బ్యూలా జోగిపేట నుంచి రమ్యశ్రీ వాళ్లింటికి వచ్చింది. గవర్నమెంటు బడిలో టీచరు, మాట పొదుపు మనిషి. కొడుకు ఫోన్లో చెప్పినప్పుడు, మనోళ్లు కాదు గదా అని మాత్రం అంది. నరసరాజుకూ ఆ బెంగ ఉంది. పెద్దవాళ్లిద్దరూ కాఫీ తాగుతూ వానల గురించే మాట్లాడుకున్నారు.

చివరికి బ్యూలా రమ్యశ్రీ వైపు తిరిగింది. "మావోడు నీతోని ఏమన్నడు బిడ్డా?"

"నేనంటే ఇష్టమన్నాడండీ."

"నోరు తెరిచి, వాడే అన్నడా?"

"తనే అన్నాడండీ. తడుచుకుంటూ వచ్చి."

బ్యూలా కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఇరవై తొమ్మిదేండ్లు వచ్చినయి వానికి. నాకిది కావాలె అని ఒక్కపారి అడగలే." కళ్లద్దాలు పెట్టుకుని, రమ్యశ్రీ చెయ్యి పట్టుకుంది. "పూనాల చలి ఎక్కువంటరు. స్వెట్టర్ ఉన్నదా నీకు? లేకుంటే నేను అల్లిస్త."

నరసరాజు లేచి, ఇంకోసారి కాఫీ పెట్టమని వంటింట్లో ఉన్న భార్యకు కేకేశారు.