నలభై ఒకటో నంబరు తలుపు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు పంచి చూడు అనడం మాత్రం మరిచిపోయారు. ఆ కష్టం ఊళ్లో అందరికంటే బాగా తెలిసినవాడు మునిసిపల్ గృహవసతి శాఖలో తనిఖీ ఇన్‌స్పెక్టరు. బుధవారం పొద్దున పదకొండు గంటలకు ఆయన చేతిలో ఫైలుతో టేపు మేడం ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు.

టేపు మేడం అన్నది ఊరు పెట్టిన పేరు. సర్వే శాఖలో ఇరవై ఏళ్లు భూములు కొలిచి, ఆ ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్‌గా బోర్డు కట్టిన ఆవిడ సంచిలో ఇప్పటికీ కొలత టేపు ఉంటుంది. ఆవిడ అసిస్టెంటు ఒకప్పటి కోర్టు టైపిస్టు. మేడం అడిగినదీ ఎదుటివాళ్లు చెప్పినదీ పొల్లుపోకుండా రాసుకోవడం అతని పని, ఆవిడ తెలివి చూసి నోరు తెరవడం అతని అలవాటు.

"కూర్చోండి. ముందు మంచినీళ్లు తాగండి," అంది మేడం.

"కూర్చునే టైము లేదమ్మా. సాయంత్రం అయిదింటికి ఆఫీసరు గారు జాబితా మీద సంతకం పెట్టేస్తారు. పెట్టారంటే ఒకావిడకి ఇల్లు పోతుంది, రేపు పొద్దున నా ఉద్యోగమూ పోతుంది. పెన్షన్‌కి ఇంకా రెండేళ్లుంది నాకు."

నీళ్లు తాగాక ఆయన సంగతంతా చెప్పాడు. పదేళ్లలో ఊరు రెట్టింపయింది. ఊరి చివర నూట ఇరవై కొత్త ఇళ్లు కట్టారు. దరఖాస్తులు మాత్రం రెండువేల పైన వచ్చాయి. ఎవరు ముందు అడిగితే వాళ్లకు ముందు. ఆ వరుసలో నూట ఇరవయ్యో పేరు ఒక కుట్టుపని ఆవిడది. తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తోంది. నూట ఇరవై ఒకటో పేరు అదే పేటలో రొట్టెల కొట్టు నడిపే అతనిది.

"ఇల్లు ఇచ్చే ముందు వాళ్లు ఎలా ఉంటున్నారో నేను వెళ్లి చూడాలి. చెప్పకుండా వెళ్లాలి, చుట్టుపక్కల ఎవర్నీ అడక్కూడదు. అదీ రూలు."

"అడిగితే ఏమవుతుంది?"

"ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే పక్కింటి పిల్లల్ని అప్పు తెచ్చుకుంటారమ్మా, ఇంట్లో జనం ఎక్కువ కనబడాలని. ఒకే పాప నాకు మూడిళ్లలో కనబడింది. మూడో ఇంట్లో, 'మళ్లీ వచ్చారా అంకుల్' అంది."

అసిస్టెంటు నవ్వబోయి, ఇన్‌స్పెక్టరు ముఖం చూసి ఆగాడు.

"ఈవిడ ఇంటికి మూడు వారాల్లో మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ తాళమే. వెళ్లిన ప్రతిసారీ తలుపు మీద చీటీ అంటించాను. మూడో తాళానికి దరఖాస్తు రద్దవుతుంది, అయింది. నిన్న ఆవిడ ఆఫీసుకొచ్చి గోలపెట్టింది. పొద్దస్తమానం మిషను ముందే ఉంటాను, ఎవరూ రాలేదు, ఏ చీటీ చూడలేదు అని. నేను రొట్టెలతని దగ్గర ఏదో తీసుకుని తప్పుడు రిపోర్టు రాశానని ఆఫీసరు గారి అనుమానం. కంచే చేను మేసిందన్నారు, అందరి ముందూ." ఆయన ఫైలు మేడం ముందుకు తోశాడు. "మూడోసారి కుండపోత వానమ్మా. చీటీ అంటుకోకపోతే అరచేత్తో అదిమి పట్టుకుని నిలబడ్డాను."

"ఆ వాన సంగతి రిపోర్టులో రాశారా?"

"తాళం ఉందని రాస్తాం గానీ వాన పడిందని రాస్తామా? ఎవరికీ చెప్పలేదు కూడా. వినేదెవరు?"

మేడం ఫైలు చివరిదాకా తిరగేసింది. అడుగున ఒక పసుపు కాగితం ఉంది. "ఇదేమిటి?"

"పెద్దవాళ్ల పత్రం. అరవై అయిదు దాటినవాళ్ల పేర్లు మొదటి పేజీలో రాయకూడదు, దీంట్లోనే రాయాలి. మా ఆఫీసు తెలివి!"

మేడం ఆ కాగితాన్ని చాలాసేపు చదివి, మడిచి తన సంచిలో పెట్టుకుంది.

ఆ వీధిలో ఇళ్లన్నీ ఒక్క అచ్చులో పోసినట్లున్నాయి. యజమాని ఒక్కడే, పైగా పిసినారి. చౌకగా దొరికిన బూడిదరంగు అన్ని తలుపులకీ పూయించాడు. ప్రతి తలుపు పక్కన గోడ మీద రెండు మరలతో బిగించిన రేకు నంబరు పలక ఉంది. ఊరు పెరిగి నంబర్లన్నీ మారాక, రెండేళ్ల కిందట మునిసిపాలిటీ బిగించిన పలకలవి.

కుట్టుమిషను చప్పుడు వీధి మొదట్లోకే వినిపించింది. ఉన్నది ఒకే గది. మధ్యలో తెర, మూలన పొయ్యి, చెమ్మతో ఉబ్బిన గోడ. బట్ట కత్తిరించే బల్ల కింద చిన్న పరుపు, దాని పక్కన దగ్గుమందు సీసాలు. గడప దగ్గర ముసలి మామగారు కుట్టిన యూనిఫారాలను పురికొసతో కట్టలు కడుతున్నాడు. ఆయన రిటైరైన పోస్టుమాన్. కొస రెండు చుట్లు తిప్పి, అడ్డంగా ఒకటి వేసి, చిటికెలో ముడి బిగిస్తున్నాడు.

"పాప పడుకునేది ఆ బల్ల కిందేనండీ," అంది కుట్టుపని ఆవిడ, మిషను ఆపకుండానే. "బడికి వెళ్లింది. గది మారిస్తే తప్ప దాని దగ్గు తగ్గదన్నాడు డాక్టరు. తొమ్మిదేళ్లు కళ్లు కాయలు కాసేలా చూస్తే, చేతికందిన ముద్ద నోటికి రాకుండా చేశాడు మహానుభావుడు. ఆయన రాలేదు. ఎవరి మీద ఒట్టెయ్యమన్నా వేస్తాను."

"మీ ఇంటి నంబరెంత?"

మిషను ఆగింది. "పాతదా, కొత్తదా? కొత్తదైతే... నలభై ఒకటో ఏదో ఉండాలి. ఇక్కడ నంబర్లెవరు చూస్తారండీ? కుట్టుమిషనమ్మ ఇల్లంటే చాలు, ఉత్తరమైనా వచ్చేస్తుంది."

మామగారు తల ఎత్తకుండానే అన్నాడు. "ఆ ఇన్‌స్పెక్టర్ని అంతలేసి మాటలు అనకమ్మా. అంత వానలో తడిసి వచ్చినవాడు అబద్ధం ఎందుకు చెప్తాడు?"

"మీరు ఊరుకోండి మామయ్యా. మీకు లోకమంతా మంచివాళ్లే."

మేడం సంచిలోంచి టేపు తీసి, "దీని మర వదులైంది. స్క్రూడ్రైవరుందా?" అంది. మిషను సొరుగులోంచి వేలెడంత స్క్రూడ్రైవరు వచ్చింది. దాని కొస మెలిపడి ఉంది.

"అరె, మొన్నటిదాకా బాగానే ఉండేదే!" అంది కోడలు.

బయటికొచ్చాక మేడం పలకలు చూస్తూ నడిచింది. అన్నింటి మరలూ తుప్పు పట్టాయి. నలభై ఒకటో పలక మరలు మాత్రం గీతలు పడి తళతళలాడుతున్నాయి. నలభై ఏడు దగ్గర ఆగింది. ఏడాదిగా ఖాళీగా ఉన్న ఇల్లది, తాళం మీద దుమ్ము పేరుకుంది. ఆ పలక మరలూ మెరుస్తున్నాయి. తలుపు మీద ఒకదాని కింద ఒకటి మూడు జిగురు మరకలు. టేపు పెట్టి కొలిచింది. నాలుగంగుళాల వెడల్పు, సరిగ్గా తనిఖీ చీటీ అంత.

"మేడం! ఇన్‌స్పెక్టరు ఇక్కడికొచ్చాడన్నమాట!" అసిస్టెంటు నోరు తెరిచాడు.

"వచ్చాడు. ఆవిడ ఇంటికి ఎవరూ రాలేదన్నదీ నిజమే. ఇద్దరూ నిజం చెప్పి కొట్టుకుంటున్నారు. అబద్ధం చెప్పింది ఈ రేకుముక్క. దానిచేత చెప్పించింది ఎవరో తేలాలి."

రొట్టెల కొట్టతను వీళ్లను చూడగానే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్లు, "నేనేం చెయ్యలేదండీ," అన్నాడు.

"మేమింకా ఏమీ అడగలేదు."

"అడుగుతారుగా! ఈ పేటకొచ్చిన రోజు ఆయన నా కొట్లో నిలబడి ఒక టీ తాగాడు. ఆ పాపానికి ఊరంతా నన్ను దొంగను చేసింది. పొయ్యి వెనక ఒక్క గదిలో నలుగురు పిల్లల్తో ఉడుకుతున్నాం. ఇల్లొస్తే వద్దనను. అలాగని ఆవిడ నోటి దగ్గరిది లాక్కుంటానా?"

"మీ దగ్గర స్క్రూడ్రైవరుందా?"

అతను తెచ్చింది పొయ్యి తలుపులు బిగించేది, మూరెడు పొడుగుంది. పలక మరల్లో దాని కొస దూరదు. మేడం థాంక్స్ చెప్పి, అందర్నీ నాలుగింటికి కుట్టుపని ఆవిడ ఇంటికి రమ్మంది.

నాలుగింటికి ఆ గదిలో ఏడుగురు చేరారు. ఆఫీసరు గారికి నిలబడే చోటు దొరకక మోచెయ్యి చెమ్మగోడకు తగిలి, చొక్కా మీద మచ్చ పడింది.

"ఇదంతా ఆఫీసులో మాట్లాడుకోవచ్చుగా?" అని విసుక్కున్నాడు.

"ఆఫీసులో గది పెద్దది సార్," అంది మేడం.

జరిగింది ఆవిడ తాపీగా చెప్పుకొచ్చింది. తనిఖీల నెల మొదలయ్యే ముందు ఎవరో నలభై ఒకటో పలకనూ, నలభై ఏడో పలకనూ తారుమారు చేశారు. ఇన్‌స్పెక్టరు ఈ పేటకు కొత్త, పైగా ఎవర్నీ అడగకూడదు. నంబరు చూసుకుని మూడుసార్లు ఖాళీ ఇంటికే వెళ్లి చీటీలు అంటించాడు. పని అయ్యాక చీటీలు పీకేసి, పలకలు ఎక్కడివక్కడ బిగించారు.

ఇన్‌స్పెక్టరు గోడకు చేరగిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఆఫీసరు రొట్టెలతని వైపు గుడ్లురిమి చూశాడు.

"అతను కాదు," అంది మేడం. "పలక మరలకు పెద్ద స్క్రూడ్రైవరు పట్టదు, మరీ చిన్నదైతే జారి కొస మెలిపడుతుంది. అలా మెలిపడింది ఈ మిషను సొరుగులో ఉంది. కాబట్టి ఈ పని ఈ ఇంటి మనిషిదే."

"నా ఇల్లు నేనే పోగొట్టుకుంటానా?" కుట్టుపని ఆవిడ లేచి నిలబడింది.

"మీరు కాదమ్మా. ఈ వీధిలో ఎవరూ నంబరు చూడరని తెలిసిన మనిషి, ఏ ఇల్లు ఖాళీయో తెలిసిన మనిషి. పలక బిగిస్తూ కనబడినా, అలవాటుకొద్దీ సరిచేస్తున్నాడులే అని జనం అనుకునే మనిషి. ఇన్‌స్పెక్టరు మూడోసారి వానలో తడిశాడన్నది ఏ రిపోర్టులోనూ లేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కిటికీలోంచి చూస్తే తప్ప ఈ ఇంట్లోవాళ్లకి తెలియదు. తెలిసిన ఒక్కరూ మధ్యాహ్నం, అంత వానలో తడిసి వచ్చాడు అన్నారు."

అందరూ గడప వైపు చూశారు. ముసలాయన చేతిలో పురికొస కదలడం మానేసింది. ఆయన పెట్టె అడుగునుంచి చిన్న కట్ట తీసి మేడం చేతిలో పెట్టాడు. మూడు తనిఖీ చీటీలు. రెండు చుట్లు, అడ్డంగా ఒకటి, చిన్న ముడి.

"చింపెయ్యలేకపోయానమ్మా. అడ్రసున్న కాగితం చింపే చెయ్యి కాదిది."

"మామయ్యా!" కోడలు అరిచింది. "తొమ్మిదేళ్లు! రాత్రంతా పిల్ల దగ్గుతుంటే మీరూ విన్నారుగా! ఎలా చేతులొచ్చాయి మీకు?"

"విన్నాను. విని కూడా చేశాను. నన్నేమన్నా పడతాను." ఆయన నేల చూస్తూ చెప్పాడు. "ఈ ఏడాది కొత్త ఇళ్లకని నువ్వు దరఖాస్తు మళ్లీ నింపి మిషను మీద పెట్టిన రోజు చూశాను. ఇంట్లో ఎంతమంది అన్నచోట ఇద్దరు అని రాశావు. నువ్వూ, పాపా. కొడుకు పోయి ఆరేళ్లయింది, ఇంకా ఎన్నాళ్లు మోస్తుందిలే అనుకున్నాను. న్యాయమే అనుకున్నాను. కానీ ఒక్కణ్ణీ ఈ గదిలో ఉండాలంటే భయమేసింది."

మేడం సంచిలోంచి పసుపు కాగితం తీసి ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది. "మీరే చదవండి. ఈ కుటుంబాన్ని తనిఖీ చెయ్యాల్సింది మీరే కదా."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "పెద్దల పత్రం. మామగారు, డెబ్బై ఒక ఏళ్లు, మాతోనే ఉంటారు. మోకాళ్ల నొప్పి వల్ల మెట్లు ఎక్కలేరు. మాకు కింది అంతస్తులోనే ఇల్లు ఇప్పించమని మనవి. అది కుదరకపోతే వచ్చే విడత దాకా ఆగుతాము."

ముసలాయన ఆ కాగితం అందుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని మళ్లీ చదివాడు. "ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో పరాయి కాగితం ఒక్కటీ చదవలేదమ్మా. మొదటిసారి చదివాను. అదీ సగమే చదివాను," అన్నాడు.

కోడలు ముఖం తిప్పుకుంది. కోపం తగ్గలేదు, ఏడుపూ ఆగలేదు.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "పలక మార్చడం నేరం. ఇన్‌స్పెక్టరు గారూ, మాట పడింది మీరు. ఫిర్యాదు రాస్తే పోలీసులకు పంపిస్తాను."

ఇన్‌స్పెక్టరు ముసలాయన వైపు చూశాడు. "అందరి ముందూ నన్నన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోండి సార్. అది చాలు. పలక మారడం వల్ల తనిఖీ వేరే ఇంటికి జరిగిందని ఉన్నది ఉన్నట్లు రాస్తాను."

ఆఫీసరు ఆ మాట వెనక్కి తీసుకున్నాడు, కష్టంగానే. టైము నాలుగూ నలభై అయింది.

"మరి సరైన తనిఖీ జరగలేదుగా?" అన్నాడు.

"మీరెక్కడ నిలబడ్డారు సార్?" అంది మేడం.

ఆఫీసరు తన చొక్కా మీది మచ్చనూ, బల్ల కింద పరుపునూ, ఊపిరాడని మిగతా ఆరుగురినీ చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. ఇన్‌స్పెక్టరు మిషను మీదే కాగితం పెట్టి రాశాడు. గది ఒకటి, మనుషులు ముగ్గురు. జాబితాలో నూట ఇరవయ్యో పేరు ఎదుట కింది అంతస్తు అని రాసి ఆఫీసరు సంతకం చేశాడు.

రొట్టెలతను నిట్టూర్చాడు. నలుగురు పిల్లలూ మళ్లీ ఆ పొయ్యి వెనకే. "వచ్చే విడతలో మా ఇంటికొచ్చేటప్పుడు నంబరు చూడకండి సార్. రొట్టె వాసన పట్టుకుని రండి," అని ఇన్‌స్పెక్టరుతో చెప్పి వెళ్లిపోయాడు.

వీధిలోకి వచ్చాక అసిస్టెంటు అడిగాడు. "మేడం, ఆ పసుపు కాగితం చూసినప్పుడే మీకు తెలిసిపోయిందా?"

"చేసిందెవరో తెలియలేదు. ఆ ఇంట్లో ఒకరి గురించి ఇంకొకరు ఎంత ఆలోచిస్తున్నారో తెలిసింది. ఆ మాట మాత్రం ఒకరికొకరు చెప్పుకోలేదు."

వెనక కిటికీలోంచి కోడలి గొంతు కరుగ్గానే వినిపించింది. "ఆ కట్టలు గట్టిగా కట్టండి మామయ్యా. సోమవారం కొత్తింటికి బండిలో వెయ్యాలి. మీ పెట్టె కూడా సర్దుకోండి."

ముసలాయన కొస రెండు చుట్లు తిప్పి, అడ్డంగా ఒకటి వేశాడు. ముడి రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి పడింది.