నోరు విప్పని ట్యాబ్

ఖైరున్నీసా కారం పొట్లం బల్ల మీద పెట్టి కుర్చీ అంచున కూర్చుంది. గుంటూరులో ముప్పై ఏళ్లుగా కారం మిల్లు నడుపుతున్న మనిషి ఆమె.

"ఇది నా కారం రావుగారూ. దర్శిలో ఎవరో తమ పేరేసుకుని అమ్ముతున్నారు. మా మిల్లులో పనిచేసే సఫూరాయే గుట్టు అమ్ముకుందని, దాన్ని రేపే పనిలోంచి తీసెయ్యమంటున్నాడు మా మేనల్లుడు. నాకు మనసొప్పట్లేదండి."

డిటెక్టివ్ అంకమ్మరావు పొట్లం విప్పి వాసన చూశాడు. సహాయకురాలు తేజశ్రీ నోటుబుక్కు తెరిచింది. ఆయన ముక్కంటే ఆమెకు మహా గురి.

మోకాళ్లు మొరాయించాక ఖైరున్నీసా తన పద్ధతంతా సఫూరాకి నేర్పాలనుకుంది. పెళ్లిళ్లు తీసే కెమెరా అద్దెకు తెచ్చి, తలుపులేసుకుని, కారం చేస్తూ తానే రికార్డు చేసుకుంది. మేనల్లుడు గఫూర్ దాన్ని ఆఫీసు కంప్యూటర్ ద్వారా సఫూరా ట్యాబ్‌లోకి ఎక్కించాడు. కంప్యూటర్లో తెరిచి చూడనైనా లేదని ఒట్టేశాడట.

మిల్లులో సఫూరా కళ్లు వాచి ఉన్నాయి. పదిహేనేళ్ల మంచిపేరు పోతుంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది? వీడియోలో అమ్మ చేతులు చూసి నేర్చుకున్నానని మాత్రం చెప్పి, తను చేసిన కారం జాడీ ముందు పెట్టింది. అంకమ్మరావు మూత తీశాడు. గుప్పున నువ్వుల నూనె వాసన వచ్చింది.

గఫూర్ మాత్రం తడుముకోలేదు. "ట్యాబ్‌లో శబ్దం పెద్దగా పెట్టుకుని చూసేదండి. కారంలో కలిపేది పత్తిగింజల నూనె అని అత్త చెప్పడం పక్కగదిలోంచి నా చెవులతో విన్నాను. అమ్ముకుంది ఈవిడే."

తేజశ్రీ ఉసూరుమంటూ రాసుకుంది. సఫూరా పని అయిపోయిందనుకుంది పాపం.

అంకమ్మరావు అందర్నీ మిరపకాయల బస్తాల మధ్య కూర్చోబెట్టి ట్యాబ్‌లో వీడియో పెట్టాడు. తెర మీద ఖైరున్నీసా పెదాలు కదులుతున్నాయి. శబ్దం పూర్తిగా పెంచినా చిన్న మాట కూడా రాలేదు. కింద ఒక వరుస కనపడింది: 'ఈ ఆడియోకు సపోర్ట్ లేదు.'

"ట్యాబ్ పాడవలేదు," అన్నాడాయన. "ఆ కెమెరా శబ్దాన్ని ఒక పద్ధతిలో కుదించి దాస్తుంది. దాన్ని విప్పి వినిపించాలంటే యాప్ చేసినవాళ్లు లైసెన్సు తీసుకోవాలి. ఈ ఉచిత యాప్‌కి అది లేదు. బొమ్మొస్తుంది, మాట రాదు. అందుకే సఫూరా గిన్నెలో నూనె చూసి, మనందరిలాగే నువ్వుల నూనె అనుకుంది. దర్శి పొట్లంలో నువ్వుల వాసనే లేదు. అది చేసినవాడికి అసలు నూనె తెలుసు. ఆఫీసు కంప్యూటర్లోని ప్లేయర్‌కి లైసెన్సుంది గఫూర్. తెరవలేదన్నావే, మరి ఆ మాట ఎక్కడ విన్నావు బాబూ?"

గఫూర్ తల దించేశాడు. మిల్లు పనిమనిషికి పోతుందన్న ఉక్రోషంతో ఆ గుట్టు దర్శివాళ్లకి అమ్మేశానని గొణిగాడు. ఖైరున్నీసా చెయ్యి చాపింది. అతను మిల్లు తాళాలగుత్తి ఆ చేతిలో పెట్టాడు.

"మాట రావట్లేదని నాకు చెప్పలేదేమే?" అని ఖైరున్నీసా సఫూరాని నిలదీసింది.

"మాట మీరే తీసేసి ఇచ్చారనుకున్నానమ్మా. కారం చేసేవాళ్లు చెయ్యి చూపిస్తారు గాని నోరు విప్పరు కదా. అడిగితే ఆశపడ్డట్టుంటుందని ఊరుకున్నాను."

తేజశ్రీ అదే వీడియోని కంప్యూటర్లో పెట్టింది. ఈసారి ఖైరున్నీసా గొంతు ఖంగున పలికింది. "సఫూరా, నువ్వుల నూనె కాదే పిల్లా, పత్తిగింజల నూనె. ఈ సంగతి నీకొక్కదానికే చెబుతున్నాను. నా తర్వాత ఈ మిల్లు నువ్వే చూసుకోవాలి."

సఫూరా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఖైరున్నీసా కంప్యూటర్ ఆపించి, ఆమె పక్కనే బస్తా మీద కూర్చుని, అదే మాట నోటితో మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.