కాన్‌స్టన్స్ మీంచి కేక

ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ రేవు దాటి వంపు తిరిగితే కాన్‌స్టన్స్ అనే పాత యుద్ధనౌక లంగరేసి ఉండేది. తెరచాపల్లేవు, ఫిరంగుల్లేవు. ఎలుకలు తప్ప పురుగన్నది లేదు. అయినా చీకటి పడ్డాక దాని పక్కగా పడవ పోనిస్తే పైనుంచి కేక వినిపించేదట...

"పడవలో ఎవరూ?"

అంతే! ఎదురొడ్డున ఉన్న గాస్పోర్ట్ పడవవాళ్లు ప్రాణాలు అరచేత పెట్టుకుని దూరంగా చుట్టు తిరిగి పోయేవారు.

ఒక్క జేబెజ్ కాటిల్‌కి మాత్రం భయం కన్నా బెంగ ఎక్కువ. ఆ కేక ఎవరి కోసమో అతనికి తెలుసు మరి — చచ్చిపోయిన సర్ ఆగస్టిన్ పెల్లో దొర కోసం. జేబెజ్ ఇరవై ఏళ్లు ఆయన పడవ నడిపాడు.

దొర పన్నెండో ఏటే నౌకెక్కిన ఘటం. ఓసారి మందుగుండు తడిసి ముద్దయితే, ఉత్త ఫిరంగులే ఎక్కుపెట్టి శత్రునౌకను లొంగదీశాడు. ధైర్యం కొండంత, నోటిదురుసు అంతకు రెండింతలు. పైఅధికారులను మొహమ్మీదే గాడిదలన్నాడు. దాంతో ఏళ్ల తరబడి ఒడ్డున కూచుని క్యాబేజీలు పెంచుకోవలసి వచ్చింది.

చివరికి పిలుపొచ్చింది — ఇక నువ్వు అడ్మిరల్‌వి, నౌకాదళానికి పెద్దవి, కాన్‌స్టన్స్ మీద నీ జెండా ఎగరెయ్యి అని. నావికులంతా నౌక మీద బారులు తీరారు. జేబెజ్ పడవ తళతళా తుడిచి ఉంచాడు. దొర కొత్త టోపీ పెట్టుకుని గడప దాటబోతూ... కుప్పకూలిపోయాడు. చేతికందింది నోటికందలేదు, పాపం.

ఆ నౌకను తెల్లారితే విరగ్గొట్టడానికి లాక్కుపోతారు. ఆ రాత్రి జేబెజ్ తన భార్య డోర్కస్‌ను చెల్లెలింటి నుంచి తీసుకొస్తూ, పడవను అటే తిప్పాడు.

"ఓరి దేవుడా! అటెందుకయ్యా?" అంది డోర్కస్, వెనక బల్ల మీద ముడుచుకుని.

"ఆఖరిసారి చూసి పోదామే. దొర ఎక్కకుండానే దాన్ని పగలగొట్టేస్తున్నారు. నా మనసు ఊరుకోవడం లేదు."

"ఆయన బతికున్నప్పుడూ నీకు పెళ్లాం కంటే ఆయనే ఎక్కువ. చచ్చాకా అదే వరసా? అదేం అడిగినా సరే, నోరెత్తావో... నీ సంగతి చెప్తా!"

జేబెజ్ నవ్వుకుంటూ తెడ్డేశాడు. పొగమంచులోంచి నల్లగా నౌక పైకి లేచింది. నీళ్ల చప్పుడు ఆగిపోయింది...

"పడవలో ఎవరూ?"

యుద్ధనౌక అలా అడిగితే జవాబుకో కట్టుబాటుంది. మామూలు జనమైతే 'ఎవరూ కాదు' అనాలి. అడ్మిరల్ ఉంటే 'జెండా' అనాలి. జేబెజ్ నోరు మూసుకుందామనే అనుకున్నాడు. కానీ దొర కోసం ఆ ఒక్క మాట అనాలని ఇరవై ఏళ్లు ఎదురుచూసిన నాలుక అది...

"జెండా!"

"చంపావు పో!" డోర్కస్ గుసగుసగా అంది.

పైన పాదాల చప్పుడు... ఒకటి కాదు, వందలు. పరుగెత్తి, బారులు తీరి, ఆగాయి. తర్వాత సన్నగా, పొడుగ్గా ఈల మోగింది — అడ్మిరల్ నౌక ఎక్కేటప్పుడు మోగించే ఈల.

పడవ ఒక్క ఊపు ఊగి సర్దుకుంది. అలేమో అనుకున్నాడు జేబెజ్. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. కళ్లు ధారలు కట్టాయి.

"విన్నావుటే? దొర లేకపోయినా దొరకి దక్కాల్సిన మర్యాద దక్కింది."

డోర్కస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక చెయ్యి కుడి భుజం మీద నొక్కిపెట్టుకుని ఉంది.

"లేకపోవడమేమిటయ్యా..." అంది. "ఇప్పుడేగా... నా భుజం ఆసరా చేసుకుని లేచి వెళ్లాడు."