పురుగు ఒక్కటీ ఉంచుకున్నారు

ఆ ఉదయం స్టేషన్లో కళ్ళను పరీక్షించే చూపుద్వారం మూడోసారి "పురుగు" అని అరిచింది. రైలు కోసం వరుసలో నిలబడ్డవాళ్ళు గబుక్కున పక్కకు జరిగారు. కాపలావాళ్ళు ఒక ముసలామెను రెక్కలు పట్టుకుని తెచ్చి, వసుంధర గదిలో కుర్చీలో కుదేశారు.

వసుంధర పని కళ్ళలో చుక్కలు వేయడం. నిషేధించిన చదువుకు, అచ్చు అక్షరాలకు అలవాటుపడ్డ కళ్ళు ఎడమ నుంచి కుడికి చిన్నచిన్న గెంతులు వేస్తాయి. ద్వారం దాన్ని పసిగడుతుంది. చుక్కలు పడ్డాక ముఖాలు మామూలుగానే కనిపిస్తాయి, అక్షరాలు మాత్రం అలికేసినట్టవుతాయి. ఇక అందరి చెవుల్లో మాట్లాడే యంత్రం, చెవిపలుకు చెప్పిందే దిక్కు. ఏ రైలెక్కాలో, ఏం తినాలో, ఎవరిని అసహ్యించుకోవాలో నగరమంతా దాని నోటే వింటోంది.

ముసలామె పేరు సన్యాసమ్మ, ఒకప్పుడు నర్సు. తల వెనక్కి వాల్చమంటే వాల్చలేదు.

"నలుగురు పట్టుకుంటే నానేటి సెయ్యగలను, మందెయ్యి. ఆ పిలుపే ఒప్పుకోను," అంది. "మా నాన్న నన్ను పుస్తకాల పురుగని ముద్దుగా పిలిసీవోడు. పుస్తకాలు తీసేసి పురుగు ఒక్కటీ ఉంచుకున్నారు మీరు."

వసుంధర చేతిలో సీసా ఆగిపోయింది. రోజూ తనూ అదే మాట అంటోంది. దాని ముందు ఇంకో మాట ఉండేదని ఎవరూ చెప్పలేదు. మరేమని పిలవాలని అడిగింది.

"చదువరి. అలాగనీవోరు."

ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది. ద్వారం ఏదైనా మాట తప్పు పలికితే సరిదిద్దే అధికారం వసుంధరకు ఉంది. ఒక్కచోట దిద్దితే నగరంలోని ద్వారాలన్నీ దాన్నే అందుకుంటాయి. సీసా పక్కన పడేసి, మైకు దగ్గరికి వంగి, పాత మాటకు బదులు కొత్తది పలికింది. సన్యాసమ్మ చెయ్యి పట్టుకుని స్వయంగా ద్వారం దాకా తీసుకెళ్ళింది.

"చదువరి," అంది ద్వారం.

కాపలావాళ్ళు కదల్లేదు. పురుగును పట్టుకోమనే చెవిపలుకు వాళ్ళకు నేర్పింది. చదువరిని ఏం చేయాలో అది చెప్పలేదు. ముసలామె వాళ్ళ మధ్యనుంచి నడిచి రైలెక్కింది.

పర్యవేక్షకుడు ధర్మారావు పరుగున వచ్చి, వెంటనే పాత మాట పెట్టమన్నాడు.

"పెట్టను. కావాలంటే మీ నోటితో మీరే అనండి, ఇంతమంది ముందు."

అతను వరుసవైపు తిరిగాడు. రోజూ నేలచూపులతో ద్వారం దాటే ఒక మనిషి నెమ్మదిగా తలెత్తి ముందుకొచ్చాడు. "చదువరి," అంది ద్వారం. అతని వెనక చంటిబిడ్డ తల్లి కళ్ళు విప్పార్చి నడిచింది. "చదువరి." ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు.

చదివేవాళ్ళు ఇంతమంది ఉండి, ఇన్నాళ్ళూ దాక్కుని బతికారా? వసుంధర కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.