పిల్లి సవతి

పొద్దున్నే ఆయన టార్చిలైటు పట్టుకుని మంచం కింద దూరాడు.

"నీలం బొత్తాం ఒకటి కనబడటం లేదే! దొరసాని మింగేసిందేమో!"

ఆవిడ కుట్టుమిషను దగ్గర్నుంచి తల తిప్పలేదు. తిప్పితే కుడిభుజం సలుపుతుంది. నెల్లాళ్ళుగా అంతే. జాకెట్లు కుట్టీ కుట్టీ చెయ్యి పైకి లేవడం మానేసింది. జడ వేసుకోలేక ముడి చుట్టుకుంటోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎవరికీ అంటే, ఉన్నదాయనొక్కడే.

దొరసాని అంటే పిల్లి. ఆయన బస్సు డిపోలో దొరికితే జేబులో పెట్టుకొచ్చాడు. దానికి పాలూ అన్నమూ ఆనవు. గిన్నెలు తోమే పీచు, చెప్పు పట్టీ, లంగా బొందు, ఆయన మేజోళ్ళు... అది రుచి చూడని వస్తువు ఇంట్లో లేదు. అది ఏం నమిలినా ఆయనకి ప్రాణం గిలగిల్లాడేది. పొట్ట నిమిరేవాడు, కళ్ళు చూసేవాడు, "ఏమ్మా, నీరసంగా ఉన్నావా?" అని అడిగేవాడు. అలా ఆయన అడగడం విన్నప్పుడల్లా ఆవిడ కడుపు భగ్గున మండేది. సవతి అనేది రెండుకాళ్ళదే అయ్యుండాలని ఎక్కడుంది?

"నేనో బొత్తాం మింగితే నాకోసం కూడా ఇలా టార్చి వేస్తారా?" అంది.

ఆయన నవ్వాడు. ఆ నవ్వుతో ఆవిడకి ఒళ్ళు మండింది.

"నవ్వకండి! ఈ ఇంట్లో అదో నేనో తేల్చుకోండి!"

ఆయన మొహం వాడిపోయింది. టార్చి మంచమ్మీద పడేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పిల్లి మూలన ముడుచుకుని కక్కడం మొదలెట్టింది. నోట్లోంచి ఎర్రదారం వేలాడుతోంది. "పోతే పీడా పోతుంది" అని ఒక్క క్షణం అనుకుంది ఆవిడ. మరుక్షణం తన మనసు చూసి తనకే భయమేసింది. పశువుల డాక్టరుకి ఫోను చేసింది.

"దారం లాగకండి, పేగు తెగుతుంది. వెంటనే తీసుకురండి."

బుట్టలో పెట్టుకుని, నొప్పి చేత్తోనే గుండెకి అదుముకుని పరుగెత్తింది.

ఆపరేషన్ మొదలయ్యాక, ఆవిడ కబురందుకుని ఆయన డిపో నుంచి ఖాకీ బట్టల్లోనే వచ్చాడు. వస్తూనే, "దొరసాని ఎలా ఉంది?" అన్నాడు. బల్లమీద కూర్చున్న ఆవిడ బావురుమంది.

"దాన్నే అడగండి! నన్నెందుకు అడుగుతారు! నెల్లాళ్ళనుంచి నా చెయ్యి లేవడం లేదు, ఎప్పుడైనా చూశారా?"

ఆయన నిర్ఘాంతపోయాడు. "నాకు చెప్పలేదేం?"

"అది చెప్పిందా? అయినా కనిపెట్టారుగా!"

"దానికి నోరు లేదు కాబట్టి నేనే వెతుక్కునేవాణ్ణి. నీకుందిగా అనుకున్నా." ఆయన వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. "అదీ నిజం కాదులే. నువ్వు బాగానే ఉన్నానంటే నాకు హాయిగా ఉండేది. ఇంక అడగక్కర్లేదు కదా అని. నాదే తప్పు."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. "నేనూ అడిగితేనే చెప్పాలని పంతం పట్టాన్లే."

తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. "దారం మొత్తం తీసేశాం. రేపు తీసుకెళ్ళొచ్చు."

ఆవిడ గుండెల్నిండా గాలి పీల్చుకుంది. ఆయన లోపలికి వెళ్తాడనుకుంది. ఆయన మాత్రం ఆవిడ సంచీ అందుకుని భుజాన వేసుకున్నాడు.

"పద, నీ చెయ్యి చూపిద్దాం."

"దాన్ని చూడరూ?"

"అది నిద్రపోతోంది. నువ్వు ఏడుస్తున్నావు."

వీధిలోకి వచ్చాక, నొప్పి ఎక్కడ మొదలవుతుందో, ఏ పక్కకి తిరిగితే పొడుస్తుందో, రాత్రిళ్ళు దిండు ఎలా సర్దుకుంటోందో ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది ఆవిడ. ఆయన అడుగు నెమ్మది చేసి, మధ్యలో ఒక్క మాటకీ అడ్డురాకుండా, చివరిదాకా విన్నాడు.