పెన్సిల్‌తో రాసిన నంబరు

"పదింటికి డాక్టర్ల కమిటీ. ఈలోగా స్లైడ్లు మారాయో, మందు చచ్చినట్టే," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "ముఠా మనిషి ఎవరో ల్యాబ్ లోపలే ఉన్నారు."

గూఢచారి డిపార్ట్‌మెంటులో అతణ్ణి మౌని అంటారు. మూడు వారాలుగా టెక్నీషియన్ వేషంలో, ఆస్పత్రి కింది అంతస్తులో, రోగుల గడ్డ ముక్కలు అతికించే గాజు స్లైడ్లు కడుగుతున్నాడు. మెదడులో పుట్టే కేన్సర్ గడ్డ మహా గడుసుది. తన ఎంజైమ్‌తో కొత్త రక్తనాళాలను పిలిపించుకుని మరీ బలుస్తుంది. ఆ ఎంజైమ్ నోరు మూయించే మందు ఈ ల్యాబ్‌లోనే తయారైంది. అది పనికిరాదని నమ్మించి, ఫార్ములా కొట్టేయాలని విదేశీ ముఠా ఎత్తు.

రేపటి బ్యాచ్‌లో మందు పడాల్సిన వాళ్ళలో మౌని అక్క కూడా ఉంది, నాలుగో అంతస్తులో. అతనికి ఈ లోకంలో మిగిలింది ఆమె ఒక్కతే. తాను కిందే ఉన్నానని ఆమెకు చెప్పుకునే వీల్లేదు.

తొమ్మిదీ యాభైకి, స్లైడ్లకు రంగు పట్టించే స్టెయినింగ్ ఎక్స్‌పర్ట్ ట్రేతో వచ్చింది. చూపు తిప్పుకోనివ్వని మనిషి. డిపార్ట్‌మెంటుకు రహస్యంగా సమాచారమిచ్చేది ఆమే. ఈ మూడు వారాల్లో అతణ్ణి టీ తాగావా అని అడిగి కప్పు చేతికిచ్చిందీ ఆమె ఒక్కతే.

"మందు పడ్డ పన్నెండుమందివీ రెడీ. పైకి తీసుకెళ్తున్నా."

"ఒక్క నిమిషం మేడమ్."

స్లైడ్ల నిండా, ఎంజైమ్ ఉన్నచోట పట్టే గోధుమరంగు. అంటే ఎంజైమ్ ఏమీ తగ్గలేదు. నంబర్లు మాత్రం నీలం ఇంకుతో ముత్యాల్లా ఉన్నాయి. ఇక్కడ నంబరు పెన్సిల్‌తోనే రాస్తారు, ఎందుకంటే చివర్లో ముంచే జైలీన్ ద్రావకంలో ఇంకు కరిగిపోతుంది. రాసేది టెక్నీషియన్లు. ఎక్స్‌పర్టులు ఏనాడూ పెన్సిల్ ముట్టరు, ఆ సంగతి ఈమెకు తట్టి ఉండదు.

"ఇవి మన ల్యాబ్‌వి కావు మేడమ్."

ఆమె లిప్‌స్టిక్ తీసింది. అది తుపాకీలా పేలే రకమని అతనికి తెలుసు, ఆమెకిచ్చింది డిపార్ట్‌మెంటే. చక్రాల స్టూలును ఆమె మోకాళ్ళ మీదికి తన్నాడు. గుండు సీలింగులో దిగబడింది. ఆమె బ్యాగులోని మేకప్ పెట్టెలో అసలు స్లైడ్లు దొరికాయి. వాటిలో గోధుమరంగు అక్కడక్కడ చుక్కలే.

"నీకూ నాలాగే ఎవరూ లేరనుకునే టీ ఇచ్చేదాన్ని," అంది ఆమె, బేడీలు పడ్డాక. ఆ టీ మాత్రం నిజంగానే బాగుండేది.

పదికి నలభై సెకన్లుండగా అసలు స్లైడ్ల ట్రే కమిటీ గదిలోకి చేరింది. సాయంత్రం అక్కకు ఫోన్ చేశాడు, ఎప్పట్లాగే విదేశంలో క్యాంపులో ఉన్నట్టు.

"రేపే మందు మొదలెడతారట్రా. నువ్వుంటే బాగుండేది," అంది అక్క. "ఇక్కడ ఒకటే వాన. అక్కడో?"

కిటికీ అద్దాన్ని వాన దంచుతోంది. "ఎండ మాడ్చేస్తోందక్కా."

"మరి ఆ చప్పుడేంట్రా? నీకు అబద్ధమాడటం ఈ జన్మలో రాదు."