జాబితాకెక్కని పెట్టె

వచ్చిన మొదటి రోజే, కుర్చీ ఇంకా వెచ్చబడకముందే, అతను నీళ్ల ప్లాంటు కంట్రోల్ రూమ్‌లో రెండో పంపు తెరను నల్లబరిచాడు.

చేసింది పెద్ద ఘనకార్యమేమీ కాదు. హెడ్డాఫీసు నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌ను తగిలించి, నెట్‌వర్క్‌లో ఎన్ని పరికరాలున్నాయో వెతికే ప్రోగ్రామ్ నడిపాడు. అది ఒక్కో పరికరాన్నీ తట్టిలేపి నువ్వెవరు, నీ ఊరేది, నీ పేరేది అని అడుగుతుంది. కొత్తవన్నీ టకటకా జవాబులు చెప్పాయి. పంపును నడిపే ఇరవై ఏళ్లనాటి పాత కంట్రోలర్ ఒకటి మాత్రం ఆ ప్రశ్నల జోరుకు బిగుసుకుపోయింది. అలారం లబలబలాడింది.

నిమిషం తిరక్కుండా ఒక అమ్మాయి పరుగున వచ్చింది. హెల్మెట్ కింద నుంచి జడ సగం ఊడిపోయి ఉంది, చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. అతను సంజాయిషీ చెప్పబోతుంటే పక్కకు జరగమన్నట్టు స్క్రూడ్రైవర్‌తోనే సైగ చేసింది. పంపును చేత్తో నడిపే హ్యాండ్ మోడ్‌కు తిప్పి, ప్యానెల్ తెరిచి, కంట్రోలర్‌ను ఆపి మళ్లీ లేపింది. తెర వెలిగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడి, అప్పుడు ఇతనివైపు తిరిగింది.

"పెద్దవాళ్లని పలకరించే పద్ధతి ఇది కాదండీ" అంది.

ఆమె అక్కడ ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. ప్లాంటులో అందరూ చిన్న ఫోర్‌మన్ అంటారు. ముప్పై ఒక్కేళ్లు అక్కడే పనిచేసి రెండేళ్ల క్రితం రిటైరైన ఫోర్‌మన్‌కు ఒక్కగానొక్క కూతురు కావడం వల్ల వచ్చిన పేరది. అతనికి ఆ సాయంత్రంలోగా ఆమే ఒక పేరు పెట్టింది. జాబితా గారు.

పేరు అతికినట్టు సరిపోయింది, ఎందుకంటే అతను వచ్చిందే జాబితా రాయడానికి. నెల క్రితం వేరే ఊరి ప్లాంటులో ఎవరో, ఎక్కడి నుంచో, అందరూ మరిచిపోయిన ఒక మోడెమ్ ద్వారా లోపలికి జొరబడి పంపులు ఆపేశారు. రెండు రోజులు ఊరికి నీళ్లు లేవు. తీరా చూస్తే ఆ మోడెమ్ అక్కడ ఉన్నట్టు ఏ కాగితంలోనూ లేదు. ఉందని తెలియని తలుపుకు తాళం ఎవరు వేస్తారు? అందుకని అన్ని ప్లాంట్లకూ ఉత్తర్వు వచ్చింది. యంత్రాలను నడిపే ప్రతి పరికరం పేరూ రాయాలి: అదేమిటి, ఎక్కడుంది, ఎవరు పెట్టారు, దాన్ని బయటి నుంచి ఎవరు ముట్టుకోగలరు. గడువు మూడు వారాలు.

"మీ ప్రోగ్రామ్ మళ్లీ నడిపితే మీ ల్యాప్‌టాప్ నదిలో ఉంటుంది" అని ఆమె మర్యాదగానే చెప్పింది. నడిచి, ప్యానెల్ తెరిచి, కళ్లతో చూసి రాసుకోవాలంది. సరేనన్నాడు. కావాలంటే ఎవరినీ పలకరించకుండా మూల కూర్చుని నెట్‌వర్క్‌లో మాటలు వినే పెట్టె ఒకటి తన దగ్గర ఉందన్నాడు. దానికి మాత్రం ఒప్పుకుంది.

అలా ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. ఫిల్టర్ బెడ్లు, పంప్ హౌస్, క్లోరిన్ గది, రెండు కిలోమీటర్ల అవతల నది ఒడ్డున నీళ్లు తోడే బావి. ఆమె ప్యానెల్‌లో తల దూర్చి నంబర్లు చదివేది, అతను బయట నిలబడి రాసుకునేవాడు. ఎనిమిదిని 'బి' అనీ, సున్నాను 'ఓ' అనీ రాసేవాడు. ఆమె తల బయటికి తీసి అతని కాగితంలోకి తొంగిచూసినప్పుడల్లా ఇంకో అంకె తప్పు పడేది.

"చెవులు పనిచేస్తున్నాయా మీకు?"

"చెవులు బాగానే ఉన్నాయి. మీరిలా దగ్గరకొచ్చి నిలబడితే చేతులే మాట వినట్లేదు."

ఆమె తల మళ్లీ ప్యానెల్‌లో పెట్టుకుంది. తర్వాత చదివిన నంబరు మాత్రం ఆమే రెండుసార్లు తప్పు చదివింది.

అసలే అతను ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. నాలుగేళ్లలో ఈ ఊరితో కలిపి పదకొండు ఊళ్ల గెస్ట్‌హౌస్‌లు చూశాడు. పెట్టె సర్దుకోవడమంటే సరదా అతనికి. కానీ ఈసారి పట్టుకున్న అస్థిమితం వేరే రకం. పొద్దున్నే లేచి, డ్యూటీకి గంట ముందే వచ్చి, ఆమె సైకిల్ స్టాండులో కనిపించేదాకా ముళ్ల మీద ఉన్నట్టు తిరిగేవాడు. వాన పడితే ఆమె తడిసి వస్తుందేమోనని దిగులు, పడకపోతే ఇద్దరూ ఒకే షెడ్డు కింద నిలబడే అవకాశం పోయిందే అని దిగులు.

ఆ తొందరపాటు పొద్దుల్లోనే అతనికి ఒక సంగతి కనిపించింది. ఇద్దరూ నడిచి రాసినవి ఎనభై ఆరు పరికరాలు. మూల కూర్చుని వినే పెట్టె మాత్రం ఎనభై ఏడు గొంతులు విన్నానంది. ఆ ఎనభై ఏడోది రోజూ పొద్దున్న ఆరూ నలభైకి పలికి, పది నిమిషాలు మాట్లాడి, ఊరుకుంటోంది.

వైర్లు పట్టుకుని వెతుక్కుంటూ పోతే నది ఒడ్డు బావి దగ్గర తేలారు. అక్కడ ప్యానెల్ నిచ్చెనెక్కితే గానీ అందదు. అతను నిచ్చెన పట్టుకున్నాడు, ఆమె ఎక్కింది. ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి, ఏదో చూసి, చాలాసేపు కదల్లేదు. పైకి చూస్తే ఆమె ముఖం కనిపించడం లేదు, హెల్మెట్ అంచు నుంచి కారుతున్న వాననీళ్లు తప్ప.

"ఏముంది?"

"ఏం లేదు. పాత డబ్బా. ఎప్పుడో చచ్చిపోయింది" అని దిగివచ్చేసింది.

మర్నాడు ఆరూ నలభైకి ఎనభై ఏడో గొంతు పలకలేదు. ఆ తర్వాతి రోజూ పలకలేదు. చచ్చిపోయిన డబ్బా మొన్నటిదాకా ఎలా మాట్లాడింది? నిలదీయలేక నిలదీయలేక అడిగాడు. ఆమె తలెత్తకుండా, "ఎనభై ఆరు రాయండి. లెక్క సరిపోయిందిగా" అంది. ఆ రోజు నుంచి తనకు వేరే పని పడిందని చెప్పి, అతనితో తిరగడానికి పంపు ఆపరేటర్‌ను పంపించింది.

అతనికి తిండి సహించలేదు. ఎనభై ఆరు అని రాసేసి సోమవారం ఊరు దాటితే అడిగేవాడు లేడు. రాయడానికి పెన్ను ఎత్తడం, దించడం. ఆమె అబద్ధం చెప్పిందన్నది ఒక బాధ. తనని నమ్మి నిజం చెప్పలేకపోయిందన్నది దానికి మించిన బాధ. మూడో రోజు గురువారం, ఆఫీసు వదలగానే ప్లాంటు జీపు తీసుకుని నేరుగా వాళ్లింటికి వెళ్లాడు.

తలుపు తీసింది తండ్రి. పొట్టి మనిషి, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు, చేతిలో ఫోను. ఎవరు నువ్వని అడగలేదు. అతని జేబుకున్న ప్లాంటు పాసు చూసి, "నదిలో మట్టం ఎంతుంది బాబూ ఇవాళ?" అన్నాడు. మూడు రోజుల నుంచి ఫోనులో రావట్లేదనీ, అమ్మాయిని అడిగితే సిగ్నల్ లేదంటోందనీ కంప్లైంటు చేశాడు.

వంటింటి గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. పెద్దాయన చేతిలో ఫోనునూ, ఆమె ముఖాన్నీ చూసేసరికి అతనికి విషయం బోధపడింది. ఆమే నోరు విప్పింది.

"సిగ్నల్ కాదు నాన్నా. దాన్ని నేనే పీకేశాను."

పనిసంచీలోంచి అరచేతంత పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. నల్లటేపుతో మూడు చుట్లు చుట్టి ఉంది. ఆ చుట్లు చూసే నిచ్చెన మీద అది ఎవరిదో గుర్తుపట్టానని చెప్పింది.

పెద్దాయన కూర్చున్నాడు. దాచుకోకుండా అంతా చెప్పాడు. ఎనిమిదేళ్ల క్రితం వరదల్లో బావికి దారి తెగిపోయింది. మట్టం తెలియక రెండు రోజులు నరకం చూశాక, ఇంటి నుంచే చూసుకోవడానికి ఈ మోడెమ్ కొని పెట్టాడు. పైవాళ్లకు కాగితం పెడితే ఏడాది పడుతుందని ఎవరికీ చెప్పలేదు. రిటైరయ్యాక తీసేద్దామనుకున్నాడు, మనసొప్పలేదు. పొద్దున్నే టీ తాగుతూ మట్టం చూడకపోతే రోజు మొదలైనట్టుండదు. "చూస్తానంతే బాబూ. దేన్నీ ముట్టుకోను."

అతను మారు మాట్లాడకుండా ల్యాప్‌టాప్ తీసి ఆ పెట్టెకు తగిలించాడు. దాని తలుపు ఎవరెవరు తట్టారో అందులో రాసి ఉంటుంది. ఒక్క నెలలో పంతొమ్మిది వేల సార్లు. అన్నీ తెలియని చోట్ల నుంచి. పాస్‌వర్డ్ చూస్తే, కొట్లో కొన్నప్పుడు దాంతో వచ్చినదే ఇంకా ఉంది.

పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని వరసగా చదివాడు. చదువుతున్నకొద్దీ భుజాలు కుంగిపోయాయి.

"అందుకే చెప్పలేదు" అంది ఆమె, తండ్రితోనో అతనితోనో తెలియకుండా. "ముప్పై ఒక్కేళ్లు చేసిన మనిషి. చివరికి పేరు ఈ కాగితం మీద ఎక్కాలా? పీకేశాను కదా, అయిపోయింది కదా అనుకున్నాను."

"అవలేదు తల్లీ" అన్నాడు తండ్రి. "ఇలాంటివి మూడు పెట్టాను."

మిగిలిన రెండింటిలో ఒకటి గుట్ట మీది ట్యాంకు దగ్గర, ఇంకొకటి క్లోరిన్ గదిలో వైర్లు పరిచే కేబుల్ ట్రే పైన ఉన్నాయట. అవి నెట్‌వర్క్‌కు తగలవు, నేరుగా యంత్రానికే కట్టాడు. అందుకే వినే పెట్టెకు వినబడలేదు, నడిచినవాళ్లకు కనబడలేదు.

జీపులో ముందు సీటే ఉంది. పెద్దాయన మధ్యలో ఇరుక్కుని కూర్చున్నాడు. వానకు అద్దం మీద ఏమీ కనిపించక, ఆయన కుడి అంటే కుడికి, ఎడమ అంటే ఎడమకు తిప్పుతూ గుట్ట ఎక్కారు. అక్కడిది తేలిగ్గానే ఊడింది. క్లోరిన్ గదికి వచ్చేసరికి చీకటి పడుతోంది. తీసే ముందు అందులో ఏముందో చూద్దామని అతను ల్యాప్‌టాప్ తగిలించాడు. పెద్దాయన పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పంది.

"నేను మార్చలేదు" అన్నాడాయన.

ఆమె ఇంకెవరి మాటకూ ఆగలేదు. ట్రే మీదికెక్కి వైరు లాగేసింది. దిగి క్లోరిన్ కలిపే యంత్రాన్ని హ్యాండ్ మోడ్‌కు తిప్పి, పరీక్ష కుళాయి దగ్గర సీసా పట్టి క్లోరిన్ ఎంతుందో తేల్చే మందు చుక్కలేసింది. అతను టార్చి పట్టుకున్నాడు. ముగ్గురూ ఆ సీసాలో రంగు తేలేదాకా చూస్తూ నిలబడ్డారు. లేత పసుపు. రోజూ ఉండే రంగే. ఎవడో లోపలికైతే వచ్చాడు గానీ ఇంకా చెయ్యి పెట్టలేదు. పావుగంట ఆగి ఆమె మళ్లీ పరీక్ష చేసింది. మళ్లీ అదే రంగు. అప్పుడు సీసాను అతనివైపు చాపింది. అతను ఆ సీసాను అందుకున్నాడు. సీసాతోపాటు వేళ్లు కూడా చేతికొచ్చాయి, ఇద్దరూ వెంటనే వదల్లేదు.

"రాయి బాబూ" అన్నాడు పెద్దాయన గుమ్మంలోంచి బయటి వానను చూస్తూ. "మూడూ రాయి. ఎవరు పెట్టారంటే నా పేరే రాయి."

రాశాడు. మొత్తం ఎనభై తొమ్మిది. కింద ఇంకో వాక్యం కలిపాడు: ఒక పరికరం మాయమైందని తెలిసీ తాను మూడు రోజులు నోరు మెదపలేదని.

శుక్రవారం ప్లాంటు సూపరింటెండెంట్ ముగ్గురినీ నిలబెట్టి అరగంట దులిపాడు. చెప్పకుండా పెట్టె తీసినందుకు ఆమెకు మెమో, దాచినందుకు ఇతనికీ ఒకటి. పెద్దాయనకు ఇక ప్లాంటు గేటు దాటకూడదని ఉత్తరం. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, న్యాయమే అన్నాడు. అంతా అయ్యాక సూపరింటెండెంట్ మిగతా ప్లాంట్లకు ఒక మాట పంపించాడు: రిటైరైనవాళ్ల ఇళ్లకు వెళ్లి, కోప్పడకుండా అడగండి, చెప్పకుండా ఏమేం పెట్టారో. ఆదివారంలోగా ఇంకో పదకొండు బయటపడ్డాయి.

ఇంత జరిగినా అతనికి స్థిమితం లేదు. ఆమె పనిలో కనిపిస్తోంది, మాట్లాడుతోంది, కానీ అన్నీ పొడిపొడి మాటలు. మెమో వచ్చినందుకు కోపమనుకున్నాడు. సోమవారం పొద్దున్న బండికి వెళ్లాలి. ఆదివారం మధ్యాహ్నం చెప్పి వెళ్దామని వాళ్లింటికి వెళ్లి, కూర్చోమంటే కూర్చోకుండా కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరగసాగాడు.

పెద్దాయన కాసేపు చూసి చూసి పేపరు పక్కన పెట్టాడు.

"చూడు బాబూ. మూడు రోజులుగా మా అమ్మాయి కూడా కాలుగాలిన పిల్లిలా ఇలాగే తిరుగుతోంది. నువ్వు చెప్పవు, అది అడగదు. నాకేమో ఇప్పుడు చూసుకోవడానికి నది మట్టం కూడా లేదు. ఎంతసేపని మీ ఇద్దర్నీ చూడను?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నాకిష్టమేనండీ" అన్నాడు.

"అది నాన్నతో చెప్పే మాట కాదు" అని వంటింట్లోంచి వినబడింది.

వెళ్లాడు. ఆమె పొయ్యి వైపు తిరిగి ఉంది.

"కోపం పోయిందా?"

"కోపమెవరికి? నా కోసం మీరు మెమో తెచ్చుకున్నారు. నేను మీకు అబద్ధం చెప్పాను. ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను?"

"ఈ ముఖమే బాగుంది నాకు" అన్నాడు. "దీన్ని వదిలి పన్నెండో ఊరు వెళ్లాలంటే కాళ్లు రావట్లేదు. పెళ్లి చేసుకుందామా?"

ఆమె పొయ్యి ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "మీ ఇంట్లో ఏమంటారో ముందు కనుక్కోండి" అంది, నవ్వు పెదవి చివర ఆగక.

అక్కడే నిలబడి తల్లికి ఫోను చేశాడు. నాలుగు ముక్కల్లో చెప్పాడు. తల్లి ఇతనితో ఏమీ అనలేదు, పిల్లకు ఇవ్వమంది. ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుంది. అవతలి గొంతు వంటిల్లంతా వినిపించింది.

"అమ్మా, మావాడి సంగతి ముందే చెప్తున్నాను. ఒకచోట నిలవడు. అన్నం తింటూ కూడా లేచి తిరుగుతాడు. నీకు ఓపిక ఉందా?"

"నేనూ అంతేనండీ అత్తయ్యగారూ" అంది.

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన పేపరు చేతిలోనే పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమన్నావు తల్లీ?" అంది అవతలి గొంతు, ఈసారి చాలా మెల్లగా. "ఇంకోసారి అను."